నీళ్ళడుగు గొంతు

డడ్లీకి దిగువన, పాత కాలువ ఒంపు తిరిగేచోట మార్ల్ వీధి అని ఒకటుంది. ఆ వీధిలో మూతబడ్డ ఈతకొలను ఉన్న పక్క, పొద్దుగూకాక ఎవరూ నడవరు. ఎదుటి పక్కకు దాటుకొని, తల దించుకొని గబగబా పోతారు. కుక్కలు కూడా అంతే. గొలుసు పట్టుకున్నవాణ్ణే ఈడ్చుకుపోతాయి.

మొదట్లో అది కంపు వల్లనే అనుకున్నారు. పదకొండేళ్ళుగా మూసి ఉన్న భవనం. గోడ అడుగున, కాలిబాట మట్టానికి ఇనప జాలీలు ఉన్నాయి. వాటిలోంచి వచ్చే గాలి... తడి తువ్వాళ్ళు మూటగట్టి ఏడాదిపాటు మరిచిపోతే ఎలా ఉంటుందో అలా ఉండేది. దాని అడుగున ఇంకొకటి, తియ్యగా, ఏదో కుళ్ళిన వాసన. ముక్కు మూసుకున్నా వచ్చి నాలుక మీద కూర్చునేది.

ఆ ఏడు అక్టోబరు నుంచి కంపుతోబాటు మరొకటి కూడా రావడం మొదలైంది.

ముందు ఒక దగ్గు. కఫం నిండిన దగ్గు. కాసేపు ఏమీ ఉండదు... ఆ తరవాత, నేల అడుగునుంచి — పాట.

ఆ పాట ఏమిటో వీధిలో అరవై దాటిన వాళ్ళందరికీ తెలుసు. భయమంతా అక్కడే ఉంది.

సంగతి తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి. పూర్వం చలికాలంలో ఈతకు ఎవరూ రారు గనక, కొలను ఖాళీచేసి, పైన చెక్కపలకలు పరిచి దాన్నొక సభామండపంలా వాడుకునేవారు. ఒకనాడు కుస్తీ, ఒకనాడు నాట్యం, ఒకనాడు పాటకచేరీ. పంతొమ్మిది వందల డెబ్భయ్యొకటి చలికాలంలో ఆ పలకల మీదే నలుగురు కుర్రాళ్ళు ఒక ఆల్బమ్ మొత్తం ఒక్కరాత్రిలో వాయించి రికార్డు చేశారు. గొలుసుల కర్మాగారంలో పనిచేసే కుర్రాళ్ళు. వాళ్ళ జట్టు పేరు పిట్‌మౌండ్. వాయించింది హార్డ్ రాక్ — అంటే, కొలిమిలో సమ్మెటపోటుకు రాగం కడితే ఎట్లా ఉంటుందో అట్లాంటిది. ఆల్బమ్ పేరు మన మాటలో చెప్పుకుంటే "బూడిద పడక". మరుసటేడు బజారులోకి వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తప్ప ఎవరూ కొనలేదు. కంపెనీ మరిచిపోయింది.

ఆ రికార్డులో పాడినవాడు లెన్ రేబోల్డ్. గొంతు తీగలాగా సన్నగా, ఎత్తుగా, గాజు మీద గోరుతో గీసినట్టు ఉంటుంది. రెండేళ్ళకే జట్టు చెదిరిపోయింది. లెన్‌ని చివరిసారి కాలువ గట్టున చూసినవాళ్ళున్నారు. ఆ తరవాత చూసినవాళ్ళు లేరు. కాలువలో పడి పోయాడన్నారు.

ఇప్పుడు జాలీలోంచి వినిపించేది ఆ లెన్ పాటే. అదే వరస, అవే మాటలు. కానీ గొంతు — బరువుగా, నెమ్మదిగా, లోతుగా. తీగ కాదు, మోకు. నీళ్ళడుగున నిలబడి పాడినట్టు.

"నీళ్ళు మింగిన గొంతు అది," అనేది మ్యూరియల్. కొలనుకు సరిగ్గా ఎదురుగా ఆమె చేపల వేపుడు దుకాణం. "అన్నేళ్ళు కాలువ నీళ్ళు మింగితే గొంతు బరువెక్కదూ మరి?"

ఆమె ఈ మాట నూనె వడగడుతూ అనేది. ఆలుగడ్డ ముక్కలకు నారింజరంగు పిండి పూసి ఎద్దుకొవ్వులో వేయించడం ఆ చుట్టుపక్కల ఊళ్ళకే అలవాటు. ఆ కొవ్వు వాసన, ఎదురుగా జాలీ వాసన, రెండూ కలిసి ఆమె దుకాణం పై గదిలోకి ఎక్కేవి.

ఆ పై గదిలో పనిచేసేది గ్వెన్ ట్రోమన్స్. నలభయ్యొక్కేళ్ళ మనిషి, ఒంటరిది. ఆమె పని రీమాస్టర్ చెయ్యడం. పాత రికార్డుకు తలంటి పోసి, గోళ్ళు తీసి, ఉతికిన బట్టలు కట్టి మళ్ళీ నలుగురిలోకి పంపడం అన్నమాట. జాగ్రత్తగా చేస్తే అది తల్లి చేసే పని. అజాగ్రత్తగా చేస్తే శవానికి రంగుపూసే పని.

గ్వెన్ రెండోది ఒకసారి చేసింది. ఇదే ఆల్బమ్‌కి.

ఇరవై మూడేళ్ళప్పుడు, కొత్తగా పనిలో చేరినప్పుడు, రోలండ్ క్లెమెట్ అనే రికార్డుల వ్యాపారి "బూడిద పడక"ని సీడీగా మళ్ళీ విడుదల చేశాడు. అసలు టేపు దొరకలేదు. గీతలుపడ్డ పాత రికార్డు మీద ముల్లు పెట్టి దాన్నుంచే ఎత్తి రాయించాడు. అట్ట మీద మాత్రం "అసలు టేపులనుంచి" అని వేయించాడు. గ్వెన్ నోరు మెదపలేదు. పైగా లోపలి పుస్తకంలో గాయకుడి గురించి నాలుగు ముక్కలు రాయమంటే, సారా దుకాణంలో ఎవరో చెప్పింది విని, "కాలువలో మునిగి చనిపోయాడు" అని రాసింది. కనుక్కోలేదు. అడగలేదు. ఆ వాక్యం పుస్తకం పుస్తకానికీ పాకింది.

పద్దెనిమిదేళ్ళుగా ఆ సీడీ చూస్తే ఆమెకు తన చేతులు కడుక్కోవాలనిపించేది.

అట్లాంటిది, ఆ డిసెంబరు మొదట్లో క్లెమెట్ మెట్లెక్కి పైకొచ్చాడు. చంకలో ఒక తుప్పుపట్టిన రేకు డబ్బా.

"బంగారం, ఇదిగో నీ పాతబాకీ," అన్నాడు. "అసలు టేపు."

ఆయన నోట్లో పందితోలు వేపుడు నలుగుతోంది. ఒక్కో ముక్కా తీయడం, నమలడం, వేళ్ళు నాకడం. ఆ వేళ్ళతోనే డబ్బా మూత తీశాడు, ఆ వేళ్ళతోనే టేపు అంచు నిమిరాడు. గ్వెన్ ఆ జిడ్డు మెరుపునే చూస్తూ ఉండిపోయింది. 

"ఎక్కడ దొరికింది?" అంది.

"దొరికింది. అంతే." మరో ముక్క నోట్లో వేసుకున్నాడు. "ఎదురుగా దయ్యం పాడుతోందటగా? ఊరంతా అదే మాట. లండను పత్రిక కుర్రాడొకడు కూడా అడిగాడు. ఇట్లాంటి సమయం మళ్ళీ రాదు. శుక్రవారానికి నాకు కావాలి. ఇదే ఆఖరి ప్రతి, ఇంక దీన్ని మళ్ళీ ఎవరూ ముట్టరు. నీ పేరు పెద్దక్షరాల్లో."

ఆయన పోయాక గ్వెన్ స్పిరిటు పోసి టేపు అంచు తుడిచింది. దూదికి జిడ్డంటింది. ఆయన చెప్పిందాంట్లో ఒక్కమాట మాత్రం నిజం. ఇదే ఆఖరు. ఈసారి తప్పుచేస్తే ఆ గొంతును సరిదిద్దేవాళ్ళు ఇక ఉండరు.

పాత టేపులకు ఒక జబ్బుంది. పాటను మోసే తుప్పుపొడిని పట్టి ఉంచే జిగురు ఏళ్ళు గడిచేకొద్దీ చెమ్మ పీల్చి కరుగుతుంది. అట్లాగే వాయిస్తే టేపు యంత్రానికి అతుక్కొని, కీచుమని, ఊడి, నాశనమవుతుంది. అందుకని పళ్ళముక్కలు ఎండబెట్టే కరెంటు పెట్టెలో సన్నటి వేడిమీద పది గంటలు వెచ్చబెడతారు. వెచ్చబెడితే కొద్దిరోజులు ప్రాణం నిలుస్తుంది. ఆ కొద్దిరోజుల్లోనే ఎత్తి రాసుకోవాలి.

గ్వెన్ టేపు పెట్టెలో పెట్టింది. గంట తిరిగేసరికి గది నిండా విరిగిన పాల వాసన. కిటికీ తీస్తే జాలీ కంపు, మూస్తే ఇది. ముక్కుకు గుడ్డ కట్టుకొని, ఇంక భరించలేక, సాయంత్రం అయిదున్నరకు ఇంటికని దిగింది. అప్పటికే బాగా చీకటి.

ఆ రోజు దుకాణం వైపు కాలిబాట తవ్వారు. తప్పలేదు... కొలను పక్కనుంచే నడిచింది.

మొదటి జాలీ దాటింది. ఏమీ లేదు.

రెండో జాలీ.

దగ్గు.

ఆమె కాళ్ళు ఆగిపోయాయి. జాలీలోంచి వెచ్చటి గాలి ఆమె చీలమండలకు తగిలింది, ఎవరో నోరు తెరిచి ఊపిరి వదిలినట్టు. ఆ తరవాత పాట ఎత్తుకుంది — నెమ్మదిగా, బురదలోంచి కాలు లాగుతున్నట్టు.

గ్వెన్ పరిగెత్తింది. ఇంటికి పోయి రెండుసార్లు స్నానం చేసినా ఆ గాలి తగిలినచోట చర్మం జిగటగానే ఉన్నట్టు తోచింది.

మర్నాడు వెచ్చబెట్టిన టేపు యంత్రానికి ఎక్కించింది. టేపు కదిలింది. గోధుమరంగు జిగురు గీరుకుంటూ, చెవిలోని గులిమిలాగా పోగుపడుతుంటే, ఆపి తుడిచి, మళ్ళీ నడిపించింది. గిటారు మొదలైంది. డ్రమ్ములు. ఆ తరవాత గొంతు —

ఆమె కుర్చీలోంచి లేచి గోడకు ఆనుకుంది.

రికార్డులోని తీగగొంతు కాదది. నిన్న జాలీలోంచి వచ్చిన గొంతు. అదే బరువు, అదే లోతు.

కిందనుంచి మ్యూరియల్ మెట్లమీదికి వచ్చి, మూసిన తలుపు అవతల నిలబడి గుసగుసగా అడిగింది. "గ్వెన్, లోపలికి వచ్చిందా?"

"లేదత్తా. టేపు."

"నాకు కుంటిసాకులు చెప్పకే పిల్లా. ఉప్పు తెచ్చాను, గడపలో పొయ్యనా?"

"ఉప్పు చేపలకు ఉంచు."

గ్వెన్ బుర్ర పనిచేస్తోంది. ముందు అనుకున్నది ఇది: జిగురు టేపు అతుక్కుంటూ నడుస్తుంది గనక నెమ్మదిస్తుంది, నెమ్మదిస్తే గొంతు బరువెక్కుతుంది. అంతే అయ్యుంటుంది. కానీ అనుకుంటే చాలదు, కొలవాలి.

కొలవడానికి ఒక చిట్కా ఉంది. ఆ దేశంలో కరెంటు సెకనుకు యాభైసార్లు ఊగుతుంది. ఆ ఊపు గిటారు స్పీకరు పెట్టెల్లో సన్నటి రొదగా దూరి, పాట వెనకాల పడి ఉంటుంది. ఎవరూ పట్టించుకోరు. కానీ అది గడియారం లాంటిది, అబద్ధం చెప్పదు. టేపు సరైన వేగంతో నడిస్తే రొద యాభై దగ్గర ఉండాలి.

గ్వెన్ చూసింది. యాభై.

టేపు సరిగ్గానే నడుస్తోంది.

అప్పుడామె అలమరలోంచి పాత రికార్డు తీసి, ముల్లు పెట్టి, దాని రొద కొలిచింది. యాభయ్యారు.

ఆమె మళ్ళీ కొలిచింది. అదే అంకె. డెబ్భై రెండులో కంపెనీవాళ్ళు రికార్డు అచ్చు చేసేటప్పుడు టేపును వేగంగా తోలారు. పాట చురుగ్గా ఉండాలనో, ఒక పక్కన అన్ని పాటలూ పట్టాలనో. వేగం పెంచితే గొంతు పైకెక్కుతుంది, సన్నబడుతుంది. ఆ తీగగొంతు భూమ్మీద ఎవరిదీ కాదు.

మరి పద్దెనిమిదేళ్ళ కిందట ఈ రొద తనకెందుకు కనిపించలేదు? వెంటనే గుర్తొచ్చింది. కనిపించింది. మురికి అనుకుంది. క్లెమెట్ శుభ్రం చెయ్యమంటే, ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ తన చేత్తోనే తోమి కడిగేసింది.

ఆ రోత మామూలుది కాదు. బేసిను దగ్గరికి పోయి రెండుసార్లు చేతులు కడుక్కుంది. 

మధ్యాహ్నం క్లెమెట్‌కి ఫోను చేసి చెప్పింది. అవతల నమిలే చప్పుడు ఆగలేదు.

"అయితే వేగం పెంచెయ్, రికార్డుకు సరిపోతుంది," అన్నాడు. "జనానికి ఆ సన్నగొంతే కావాలి. చచ్చినవాడు వచ్చి అడగడులే."

"అది ఆయన గొంతు కాదండీ."

"శుక్రవారం, బంగారం. నువ్వు కాకపోతే పెంచేవాళ్ళు నాకు పదిమంది."

ఫోను పెట్టేశాక గ్వెన్‌కి ఇంకో ఆలోచన వచ్చింది.  రికార్డు విన్నవాళ్ళెవరూ ఈ బరువుగొంతు విని ఉండరు. ఈ టేపు నలభై అయిదేళ్ళుగా డబ్బాలోనే ఉంది. మరి జాలీలో పాడేదెవరో గానీ — వాడికి లెన్ అసలు గొంతు ఎట్లా తెలిసింది?

సాయంత్రం దాకా ఓపికపట్టింది. ఎత్తిరాసిన పాటను చిన్న ప్లేయరులోకి ఎక్కించుకొని, హెడ్‌ఫోను ఒకటే చెవికి తగిలించుకొని, రోడ్డు దాటింది. మ్యూరియల్ గరిటె పట్టుకొని గుమ్మంలోంచి చూస్తూనే ఉంది. పిలవలేదు.

రెండో జాలీ పక్కన వంగింది. దగ్గు వచ్చింది. పాట వచ్చింది. గ్వెన్ మీట నొక్కి టేపు పాటను దానితో కలిపింది.

కుడి చెవిలో చచ్చిన మనిషి. ఎడమ చెవిలో... ఎవరో.

రెండూ ఒకటే శ్రుతి. వెంట్రుకవాసి తేడా లేదు. మూడో చరణం ముందు టేపులో లెన్ ఊపిరి తీసుకున్నాడు — జాలీలోనూ అదేచోట ఊపిరి.

ఆమె పక్కసందులోకి తిరిగింది. బాయిలరు గది తలుపు వారగా తెరిచి ఉంది. తోసింది.

లోపల చీకటి, కంపు. చెయ్యి ఊతకోసం కమ్మీ పట్టుకుంటే మెత్తగా, తడిగా ఏదో వేళ్ళమధ్యకు వచ్చింది. నాచు. నాచే అనుకుంది. పగిలిన పింగాణీ పలకల మీద పావురాల రెట్ట, ఒక పావురం కూడా, సగం. మురుగుతూముల నోట్లో తాళ్ళలాగా పేనుకుపోయిన పాత జుట్టు — ఎన్ని వందలమంది తలలదో. ఆమె మఫ్లరు అంచు నోట్లో కుక్కుకొని మెట్టు మెట్టూ దిగింది, ఖాళీ కొలనులోకి.

లోతు చివర, జాలీ కిందుగా, చిన్న దీపం. పాట అక్కడినుంచే.

టేపు ఇంకా ఆమె చెవిలో పాడుతోంది. కొలనులో పాట మాత్రం... ఆగిపోయింది.

"ఎవరది?" అంది ఆ గొంతు, గుసగుసగా.

 టార్చి వెలుతురు గ్వెన్ ముఖం మీద పడి, పక్కకు జరిగింది. మడతకుర్చీలో ఒక ముసలాయన. పసుప్పచ్చ కాపలా కోటు. ఒళ్ళో సగం తిన్న జున్నుముక్క, ఉల్లిపాయ, రొట్టె. పక్కన ఫ్లాస్కు మూతలో టీ పొగలు కక్కుతోంది.

"పై గదిలో ట్రోమన్స్ అమ్మాయివి కదూ," అన్నాడు. "దా, కూర్చో. ఆ పలక మీద వద్దు, జారుతుంది."

"మీరు..."

"రేబోల్డ్. లెన్. కాలువలో పోయినవాణ్ణి." టీ చప్పరించాడు. "నువ్వే రాశావుగా. మూడో పేజీ."

ఆమె కూర్చోలేదు, కూలబడింది.

"ఆ కాలువ అక్కడ మోకాలిలోతు కూడా ఉండదమ్మాయీ. నన్ను ముంచే ముందు ఒకసారి దిగి చూడాల్సింది."

"మీరు... ఎక్కడున్నారు ఇన్నాళ్ళూ?"

"గ్రిమ్స్‌బీలో చేపల లారీ. నలభయ్యేళ్ళు. సెప్టెంబరులో ఇక్కడ కాపలా ఉందంటే వచ్చాను. కాపలావాడి పేరు ఎవడూ అడగడు."

గ్వెన్ క్షమించమని అడగబోయింది.  మాటకు బదులు హెడ్‌ఫోను తీసి ఆయన చేతిలో పెట్టింది. "ముందు ఇది వినండి."

ఆయన పెట్టుకున్నాడు.  తరవాత ముఖం చిట్లించాడు.

"ఎవరు వీడు?"

"మీరే. ఆ రాత్రి పాడింది."

"కాదు. నేను ఇంతకన్నా పైన పాడాను. రికార్డులో —"

"రికార్డే తప్పండీ. వేగం పెంచి అచ్చేశారు. మీరు పాడింది ఇదే. ఇప్పుడు పాడుతున్నదీ ఇదే."

మన గొంతు బయటినుంచి వింటే మనకే పరాయిదిలా ఉంటుంది. ఇది అందరికీ అనుభవమే. పాడిన రాత్రి టేపు వినిపించకుండానే కంపెనీవాళ్ళు పట్టుకుపోయారు. ఆరునెలలకు రికార్డు వస్తే, ఆ సన్నగొంతే తనదనుకున్నాడు లెన్. గిటారు కుర్రాడు శ్రుతి కలవలేదని గొణిగితే, ఆ రాత్రి తీగలు బిగించి ఉంటావు పో అన్నారు. మరి కచేరీకి వచ్చినవాళ్ళు? రికార్డులో ఉన్నట్టే కావాలన్నారు. జట్టు తీగలన్నీ పైకి బిగించుకుంది. తీగలు బిగించవచ్చు. గొంతు?

"వుల్వర్‌హాంప్టన్‌లో," అన్నాడు లెన్ నెమ్మదిగా, "మూడో పాటకు నోట్లోంచి నెత్తురు పడింది. ముందు వరసలోవాడు ఉడికిన బఠాణీలు విసిరాడు. రికార్డులో వాడు వీడు కాదు, దొంగ అని అరిచారు. నాకప్పుడు ఇరవై నాలుగు. గొంతు పోయిందనుకున్నాను. పోయినదాన్ని పట్టుకు వేలాడటమెందుకని లారీ ఎక్కాను."

ఆయన హెడ్‌ఫోను తీసి, దాని తీగ వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

"పోలేదన్నమాట," అన్నాడు.

ఎక్కడో తూములో నీటిబొట్టు పడింది. ఇంకొకటి.

"ఈ టేపు ఎక్కడిది?" అన్నాడు ఉన్నట్టుండి.

"క్లెమెట్ ఇచ్చాడు."

"క్లెమెట్‌కి నేనే ఇచ్చాను. బాయిలరు గొట్టం వెనకాల దొరికింది, కంపెనీ కొలను చిరునామాకే తిప్పిపంపింది కాబోలు. నా దగ్గర వాయించే యంత్రం లేదు, ఏముందో వినిపించమన్నాను. పాడైపోయింది, ఏమీ లేదు అన్నాడు."

గ్వెన్‌కి వీపు మీద చల్లగా పాకింది. దయ్యం వల్ల కూడా కలగని చలి.

"మీరు బతికున్నారని... ఆయనకు తెలుసా?"

"అక్టోబరులోనే పోయి చెప్పాను. కూర్చోబెట్టి సారా పోయించాడు. తొందరపడకు, ఇంకొన్నాళ్ళు చచ్చే ఉండు అన్నాడు. చీకటిపడ్డాక ఆ జాలీ దగ్గరగా కూర్చుని పాడుకో, వీధికి కాస్త కాలక్షేపం అన్నాడు."

"మీరెందుకు ఒప్పుకున్నారు?"

లెన్ రొట్టెముక్క కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఇక్కడ బాగా పలుకుతుంది. పైగా, చచ్చినవాణ్ణి ఇంకొంచెం పైకి పాడమని ఎవరూ అడగరమ్మాయీ."

అప్పుడే గ్వెన్ ఫోను మోగింది. ఖాళీ కొలనులో ఆ మోత నాలుగు గోడలకూ కొట్టుకొని తిరిగింది. క్లెమెట్. ఆమె మీట నొక్కి, ఇద్దరికీ వినపడేట్టు పలకల మీద పెట్టింది.

"అయిందా, బంగారం?"

"నేను కొలనులో ఉన్నాను," అంది గ్వెన్. "లెన్ గారి పక్కన."

నమిలే చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది.

"ఓ. సరే. చూడు, వాణ్ణి క్రిస్మసు దాకా ఓపికపట్టమను. దయ్యంతో అమ్మకం అయిపోనీ. కొత్తేడు వచ్చాక బతికిద్దాం. దానికి వేరే ప్రతి వేద్దాం, ఫోటోలతో. తప్పేముంది?"

 గ్వెన్ నాచు తగిలిన చెయ్యి పదేపదే కోటుకు తుడుచుకుంటూ ఉండిపోయింది. కానీ ఆ చెయ్యి కాదు ఆమెను బాధపెట్టేది.

లెన్ ముందుకు వంగాడు. గొంతు సవరించుకొని, ఫోను మీదికి, గుసగుసగా కాదు, నిండుగా పాడాడు — మొదటి చరణం మొత్తం, తనదే అని ఇప్పుడే తెలిసిన గొంతుతో. పలకలన్నీ పలికాయి. పైన వీధిలో ఎవరివో అడుగులు ఆగి, పరిగెత్తాయి. గ్వెన్‌కి కళ్ళు చెమర్చాయి. ఇంతకన్నా మంచి పాట ఆ కొలనులో ఎన్నడూ పుట్టి ఉండదు.

పాట అయింది.  ఫోనులో క్లెమెట్ వేలు నాక్కున్న శబ్దం స్పష్టంగా వినిపించింది.

"బాగానే ఉంది," అన్నాడు. "కాకపోతే గ్వెన్... రికార్డులో ఉన్నట్టు, ఇంకొంచెం పైకి పాడగలడేమో అడుగు."